హాక్స్‌టన్ వైద్యుడు – జేమ్స్ పార్కిన్సన్

ఉద్దేశం: ఒక వ్యాధి పేరుగా మాత్రమే లోకానికి తెలిసిన ఒక మహావైద్యుని జీవితాన్ని పరిచయం చేయడం, నిశితమైన పరిశీలన, సత్యనిష్ఠ, దీనజనుల పట్ల సానుభూతి శాస్త్రాభివృద్ధికి ఎట్లా తోడ్పడతాయో విద్యార్థులు గ్రహించేట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ముదిమి మీదపడిన మనిషి చేయి వణకడం లోకంలో అందరూ చూసే దృశ్యమే. మంచినీళ్ల గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణుకుతాయి. చొక్కా గుండీ పెట్టుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. నడుము ముందుకు వంగుతుంది. అడుగులు చిన్నవై, ఒకదాని వెంట ఒకటి తరుముకొస్తున్నట్లు పడతాయి. వయసు మీరింది కదా అని ఇంటివారు సరిపెట్టుకొంటారు. శతాబ్దాల పాటు లోకమంతా అట్లాగే సరిపెట్టుకొంది. అయితే రెండు వందల ఏళ్ల క్రితం లండన్ నగరంలో ఒక వైద్యుడు ఆ వణుకును చూసి అక్కడితో ఊరుకోలేదు. వీధిలో ఎదురైన ముసలివారిని ఆపి పలకరించాడు. వారి బాధను ఓపికగా విన్నాడు. విన్నదీ కన్నదీ అరవై ఆరు పుటల చిన్న పుస్తకంగా రాశాడు. ఆయన పేరు జేమ్స్ పార్కిన్సన్. ఇవాళ ఆ పేరు తెలియని వైద్యుడు ప్రపంచంలో లేడు. అయినా ఆయన ముఖం ఎట్లా ఉండేదో ఎవరికీ తెలియదు. ఆయనదని రూఢిగా చెప్పదగిన చిత్రపటం ఒక్కటి కూడా మిగలలేదు.

పార్కిన్సన్ 1755 ఏప్రిల్ 11వ తేదీన హాక్స్‌టన్ స్క్వేర్‌లో జన్మించాడు. హాక్స్‌టన్ ఆనాడు లండన్ నగరపు అంచున ఉన్న శివారు ప్రాంతం. తండ్రి జాన్ పార్కిన్సన్ అక్కడే మందులు తయారుచేసి ఇస్తూ, శస్త్రచికిత్స కూడా చేసే వైద్యుడు. ఆ రోజుల్లో వైద్యవిద్య గురుకులవాసం వంటిది. శిష్యుడు గురువు వెంట తిరుగుతూ, మందులు నూరుతూ, కట్లు కడుతూ విద్య నేర్చుకొనేవాడు. జేమ్స్‌కు తండ్రే గురువు. 1776లో లండన్ ఆసుపత్రిలో కొన్ని నెలల పాటు శిక్షణ పొందాడు. మరుసటి సంవత్సరం, ఉరి వేసుకొని స్పృహ కోల్పోయిన ఒక వ్యక్తిని బతికించే ప్రయత్నంలో పాలుపంచుకొన్నందుకు హ్యూమేన్ సొసైటీ వారి రజత పతకం ఆయనకు లభించింది. 1784లో శస్త్రవైద్యునిగా అర్హత పొందాడు. ఆ సంవత్సరమే తండ్రి మరణించడంతో హాక్స్‌టన్ రోగుల భారమంతా ఆయన భుజాల మీద పడింది.

వృత్తిలో కుదురుకొన్న తరువాత కూడా ఆయనలోని విద్యార్థి విశ్రమించలేదు. 1785లో జాన్ హంటర్ అనే సుప్రసిద్ధ శస్త్రవైద్యుని ఉపన్యాసాలకు హాజరయ్యాడు. పార్కిన్సన్‌కు సంకేతలిపి తెలుసు. గురువు నోటి నుంచి వెలువడిన మాటలను ఆ లిపిలో రాసుకొని భద్రపరిచాడు. ఆయన మరణానంతరం 1833లో కుమారుడు వాటిని పుస్తకంగా ప్రచురించాడు. చూసినదానిని చూసినట్లు, విన్నదానిని విన్నట్లు రాసుకోవడం ఆయనకు యౌవనంలోనే అలవడిన గుణం. అదే తరువాత ఆయన కీర్తికి మూలమైంది.

1789లో ఫ్రెంచి విప్లవం యూరపును కుదిపివేసింది. ఇంగ్లండులో ఆనాడు ఓటుహక్కు కొద్దిమంది సంపన్నులకే పరిమితం. కూలీలు, చేతివృత్తుల వారు పన్నులు కడతారేగాని, పార్లమెంటులో వారి గోడు వినిపించేవారు లేరు. 1792లో థామస్ హార్డీ అనే చెప్పులు కుట్టే వృత్తికి చెందిన వ్యక్తి లండన్ కరస్పాండింగ్ సొసైటీ అనే సంఘాన్ని స్థాపించాడు. సామాన్యులందరికీ ఓటుహక్కు కల్పించాలనేది ఆ సంఘం ఆశయం. పార్కిన్సన్ అందులో సభ్యుడయ్యాడు. ‘ఓల్డ్ హ్యూబర్ట్’ అనే మారుపేరుతో కరపత్రాలు రాశాడు. వాటిలో ఒకదాని పేరుకు ‘రక్తపాతం లేని విప్లవాలు’ అని అర్థం. పన్నుల భారం న్యాయంగా పంచాలనీ, వృద్ధులకు ఆసరా కల్పించాలనీ, కూలి పెంచమని సంఘటితంగా అడిగిన శ్రామికులను చెరలో వేయరాదనీ ఆయన అందులో వాదించాడు. పేదల ఇళ్లలో రోగులను చూస్తూ తిరిగిన వైద్యునికి, అనేక రోగాలకు మూలం ఆకలిలో ఉందని తెలుసు.

ఆ రాతలు ఆయనను ప్రమాదపుటంచుకు తీసుకువెళ్లాయి. 1794లో ప్రభుత్వం సంఘ నాయకులపై రాజద్రోహ నేరం మోపింది. ఆ నేరానికి శిక్ష మరణం. అంతలో రాజు మూడవ జార్జిని నాటకశాలలో విషపు ములికితో హత్య చేయడానికి కొందరు కుట్ర పన్నారనే వదంతి బయలుదేరింది. ములికిని గొట్టం వంటి తుపాకీతో ప్రయోగించదలచారని చెప్పుకోవడం వల్ల దానికి పాప్‌గన్ కుట్ర అనే పేరు వచ్చింది. సంఘ సభ్యులు కొందరు చెరసాల పాలయ్యారు. వారిని ఎరిగినవాడు కావడం వల్ల అక్టోబరులో పార్కిన్సన్ ప్రీవీ కౌన్సిల్ ఎదుట నిలవవలసి వచ్చింది. ప్రశ్నించినవారిలో ప్రధానమంత్రి విలియం పిట్ కూడా ఉన్నాడు.

ఇంట్లో భార్యాబిడ్డలు, బయట ఆయననే నమ్ముకొన్న రోగులు. ఒక్క మాట జారితే తన ప్రాణానికో, మిత్రుల ప్రాణానికో ముప్పు. తనకు తానే నేరం అంటగట్టుకొనేట్లు బలవంతపెట్టరాదనే హక్కును ఆయన మొదటే ప్రస్తావించాడు. ఆ హామీ లభించిన తరువాతనే ప్రమాణం చేసి జవాబులు చెప్పాడు. మారుపేరుతో కరపత్రాలు రాసింది తానేనని దాచకుండా ఒప్పుకొన్నాడు. మిత్రులకు హాని కలిగే మాట మాత్రం ఆయన నోట వెలువడలేదు. ఆయనపై ఏ అభియోగమూ నమోదు కాలేదు. కుట్ర కేసు కూడా రుజువు కాక 1796 నాటికి వీగిపోయింది. ఆ తరువాత రాజకీయ రచనలు తగ్గించి, తన సమయాన్ని వైద్యానికీ, విజ్ఞానానికీ అంకితం చేశాడు. కాని ప్రజల పక్షం వీడలేదు. సేవామార్గం మాత్రమే మారింది.

వైద్యుడు అందుబాటులో లేని పేదవారి కోసం ఆయన సులభమైన భాషలో వైద్యగ్రంథాలు రాశాడు. 1799లో వెలువడిన గృహవైద్య గ్రంథం, 1800లో ప్రచురించిన పల్లెవాసుల వైద్యపుస్తకం ఆ కోవలోనివే. ఏ జబ్బుకు ఇంట్లోనే జాగ్రత్తపడవచ్చో, ఏ లక్షణం కనిపిస్తే వైద్యుని వద్దకు పరుగెత్తాలో వాటిలో వివరించాడు. ప్రమాదకరమైన ఆటల వల్ల గాయపడే బాలల కోసం ఒక కథాపుస్తకం, వైద్యవిద్యార్థుల కోసం ఒక మార్గదర్శక గ్రంథం, రసాయనశాస్త్రం మీద ఒక చేతిపుస్తకం రాశాడు. తనను పీడించిన గౌట్ అనే కీళ్లవాతం మీద 1805లో ఒక గ్రంథం ప్రచురించాడు. 1812లో, ఉండుకం చిల్లుపడి మరణించిన ఒక బాలుని వృత్తాంతాన్ని కుమారునితో కలిసి లోకానికి తెలియజేశాడు. ఆ వ్యాధి ప్రాణాంతకం కాగలదని ఆంగ్లభాషలో చెప్పిన తొలి నివేదికల్లో అది ఒకటి.

హాక్స్‌టన్‌లో ఆనాడు మానసిక రోగులను ఉంచే ప్రైవేటు ఆశ్రమాలు ఎక్కువ. వాటిలో ఒకదానికి ఆయన చాలాకాలం వైద్యునిగా పనిచేశాడు. అక్కడ ఆయనకు ఒక చేదు అనుభవం ఎదురైంది. ఒక స్త్రీకి మతి చలించిందని ఆయన ఇచ్చిన ధ్రువపత్రం న్యాయస్థానంలో వివాదాస్పదమై, విమర్శలకు గురయ్యాడు. ఆ విమర్శకు సమాధానంగా 1811లో మానసిక రోగుల ఆశ్రమాలపై ఒక గ్రంథం రాశాడు. తన నిర్ణయాన్ని సమర్థించుకొంటూనే, అటువంటి ఆశ్రమాలను నియంత్రించే చట్టంలో రావలసిన మార్పులను అందులో చర్చించాడు. పేదల వసతిగృహంలో జ్వరపీడితులను తక్కినవారి నుంచి వేరుచేసి, ప్రత్యేక గదుల్లో ఉంచాలని పట్టుబట్టింది కూడా ఆయనే. సూక్ష్మజీవుల సంగతి తెలియని ఆ కాలంలో అది దూరదృష్టి గల సూచన.

రోగులను చూడగా మిగిలిన సమయాన్ని ఆయన రాళ్లకు అర్పించాడు. భూమి పొరల్లో దొరికే గుల్లలు, ఆకుల ముద్రలు, ఎముకలు ఒకప్పుడు జీవించిన ప్రాణుల అవశేషాలని నమ్మి, వాటిని సేకరించి, వర్గీకరించి, చిత్రపటాలతో మూడు సంపుటాల బృహద్గ్రంథం రచించాడు. ‘పూర్వ ప్రపంచపు సేంద్రియ అవశేషాలు’ అని అర్థం వచ్చే పేరు గల ఆ గ్రంథం 1804, 1808, 1811 సంవత్సరాల్లో వెలువడింది. 1807 నవంబరు 13న లండన్‌లో జియోలాజికల్ సొసైటీని స్థాపించిన పదముగ్గురిలో ఆయన ఒకడు. ఒక జాతి శిలాజ శంఖానికి శాస్త్రజ్ఞులు ‘పార్కిన్సోనియా’ అని పేరు పెట్టారు. 1822లో రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ వారి తొలి స్వర్ణపతకం ఆయనకు లభించింది. జీవించి ఉండగా ఆయనకు పేరు తెచ్చింది ఈ శిలాజ విజ్ఞానమే.

ఆయనను చిరంజీవిని చేసిన పుస్తకం 1817లో వెలువడింది. అప్పటికి ఆయన వయస్సు అరవై రెండేళ్లు. ‘వణుకుడు పక్షవాతంపై ఒక వ్యాసం’ అని దాని పేరుకు అర్థం. అందులో వర్ణితమైన రోగులు ఆరుగురే. వారిలో ఒకరు తోటమాలి. ఇద్దరిని ఆయన వీధిలో నడుస్తుండగా చూసి, ఆపి, వివరాలు అడిగి తెలుసుకొన్నాడు. ఆ ఇద్దరిలో ఒకరు నావికునిగా పనిచేసిన వృద్ధుడు. మరొక రోగిని దూరం నుంచి చూడడమే జరిగింది. రక్తపరీక్ష గాని, మెదడు చిత్రాలు గాని లేని కాలం అది. ఆయనకు ఉన్న సాధనాలు రెండు కళ్లు, రెండు చెవులు, ఓపిక.

ఆ కళ్లు చూసినవి సామాన్యమైనవి కావు. ఈ వణుకు చేయి పనిలో ఉన్నప్పుడు గాక, ఊరక ఉన్నప్పుడు ఎక్కువగా కనిపిస్తుందని ఆయన గుర్తించాడు. రోగి శరీరం ముందుకు వంగుతుందనీ, నడక తనంతట తాను పరుగుగా మారుతుందనీ గమనించాడు. వ్యాధి ఒక చేతిలో స్వల్పంగా, ఎప్పుడు మొదలైందో రోగికే తెలియనంత మెల్లగా ప్రారంభమై, ఏళ్ల తరబడి పాకుతుందని గ్రహించాడు. రాత కష్టమవుతుంది. ముద్ద నోటికి చేరదు. మాట అస్పష్టమవుతుంది. చివరికి నిద్రలో సైతం వణుకు వదలదు. అంతవరకూ విడివిడిగా, వేర్వేరు జబ్బులుగా కనిపించిన ఈ లక్షణాలన్నీ ఒకే వ్యాధి రూపాలని ఆయన తేల్చిచెప్పాడు. చెల్లాచెదురుగా పడిన పూసలను ఒక దారాన గుచ్చడం వంటిదే ఈ పని.

ఆ గ్రంథంలో పొరపాట్లు లేకపోలేదు. వ్యాధి మూలం మెడ భాగంలోని వెన్నుపాములో ఉంటుందని ఆయన ఊహించాడు. మెడ వద్ద నెత్తురు తీయడం వంటి ఆనాటి చికిత్సలనే సూచించాడు. బుద్ధిశక్తి ఏమాత్రం చెడదని భావించాడు. కొందరు రోగుల్లో అది కూడా దెబ్బతింటుందని తరువాతి కాలంలో తెలిసింది. అయితే తన ఊహను ఆయన సత్యమని చాటలేదు. మరణించిన రోగుల శరీరాలను పరీక్షించే అవకాశం తనకు కలగలేదనీ, తాను చెప్పేది ఊహ మాత్రమేననీ నిజాయితీగా ఒప్పుకొన్నాడు. శరీరనిర్మాణ శాస్త్రజ్ఞులు పూనుకొని అసలు కారణాన్ని వెతకాలని అర్థించాడు. వ్యాధిని పూర్తిగా పోగొట్టలేకపోయినా, దాని పురోగతిని అరికట్టే మార్గం త్వరలోనే దొరుకుతుందనే ఆశను ప్రకటించాడు. ఆ ఆశను తరువాతి తరాలు వారసత్వంగా స్వీకరించాయి.

పార్కిన్సన్ 1824 డిసెంబరు 21న పక్షవాతంతో కన్నుమూశాడు. తాను బాప్తిస్మం పొందిన సెయింట్ లియోనార్డ్ చర్చి ఆవరణలోనే ఆయనను ఖననం చేశారు. వణుకు వ్యాధి మీద రాసిన పుస్తకాన్ని లోకం దాదాపు మరచిపోయింది. పంతొమ్మిదో శతాబ్దపు ద్వితీయార్ధంలో పారిస్ నగరంలోని సాల్పేట్రియేర్ ఆసుపత్రిలో జాఁ మార్టిన్ షార్కో అనే మహావైద్యుడు ఈ వ్యాధిని లోతుగా పరిశీలించాడు. రోగుల్లో కనిపించేది కండరాల బిగువేగాని నిజమైన పక్షవాతం కాదనీ, వణుకు లేని రోగులు కూడా ఉంటారనీ ఆయన తెలుసుకొన్నాడు. కనుక పాత పేరు తగదని భావించి, మొదట గుర్తించిన వైద్యుని పేరు మీద దానిని పార్కిన్సన్ వ్యాధి అని పిలిచాడు. ఫ్రెంచి వైద్యుడు ఆంగ్ల వైద్యునికి సమర్పించిన ఆ గౌరవం శాస్త్రానికి సరిహద్దులు లేవని చాటుతుంది.

పార్కిన్సన్ అడిగిన ప్రశ్నకు సమాధానం అంచెలంచెలుగా లభించింది. మెదడు అడుగుభాగంలో నల్లని రంగు గల ఒక చిన్న ప్రాంతం ఉంది. దానిని సబ్‌స్టాన్షియా నైగ్రా అంటారు. ఈ వ్యాధిలో అక్కడి కణాలు నశిస్తాయని 1919లో ట్రెట్యాకాఫ్ అనే శాస్త్రజ్ఞుడు చూపాడు. ఆ కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని ఉత్పత్తి చేస్తాయి. శరీర కదలికలు సాఫీగా సాగడానికి అది అవసరం. 1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు అర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రెసర్పిన్ అనే మందు ఇవ్వగా అవి కదలలేక పడిపోయాయి. లెవోడోపా అనే పదార్థం ఇవ్వగానే లేచి తిరిగాయి. రెసర్పిన్ మన దేశపు సర్పగంధి వేరు నుంచి లభించిన మందు. లెవోడోపాకు కూడా మన నేలతో అనుబంధం ఉంది. తాకితే ఒళ్లంతా దురదపెట్టే దూలగొండి తీగ గింజల్లో ఈ పదార్థం ఉందని 1937లో దామోదరన్, రామస్వామి అనే భారతీయ శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపారు. దూలగొండిని సంస్కృతంలో కపికచ్ఛువు అంటారు. ఆయుర్వేదం దానిని ఔషధంగా ఎరుగును. 1960వ దశకంలో లెవోడోపా చికిత్స అమలులోకి వచ్చింది. మంచం పట్టినవారు లేచి నడిచారు. కార్ల్‌సన్‌కు 2000 సంవత్సరంలో నోబెల్ బహుమతిలో భాగం లభించింది.

అయితే లెవోడోపా లోటును భర్తీ చేస్తుందేగాని, కణాల నాశనాన్ని ఆపదు. చమురు ఇంకిపోతున్న ప్రమిదలో చెంచాడు చమురు పోయడం వంటిదే ఆ చికిత్స. ప్రమిదకు పడిన చిల్లు అట్లాగే ఉంటుంది. ఆ చిల్లును పూడ్చడమే, అంటే మిగిలిన కణాలను కాపాడడమే, పార్కిన్సన్ ఆశించిన మార్గం. 1993లో శాస్త్రజ్ఞులు జి.డి.ఎన్.ఎఫ్. అనే ఒక మాంసకృత్తును కనుగొన్నారు. డోపమైన్ కణాలను పోషించి బతికించే శక్తి దానికి ఉంది. కాని రక్తానికీ మెదడుకూ మధ్య ప్రకృతి ఏర్పరచిన అడ్డుగోడను అది దాటలేదు. మాత్రగా మింగితే మెదడుకు చేరదు.

ఈ చిక్కును విడదీయడానికి జన్యుచికిత్స అనే ఉపాయం తోచింది. ఒక మాంసకృత్తును తయారుచేసే ఆదేశం జన్యువులో ఉంటుంది. ఆ జన్యువును, వ్యాధి కలిగించని ఒక వైరస్‌లో అమర్చి, సన్నని గొట్టం ద్వారా మెదడులోని తగిన చోటికి పంపుతారు. వైరస్ జన్యువును కణాలకు అప్పగిస్తుంది. అప్పటి నుంచి ఆ కణాలే రక్షక పదార్థాన్ని ఉత్పత్తి చేసుకొంటాయి. బయటి నుంచి రోజూ అన్నం పంపడానికి బదులు, విత్తనాన్ని పంపి పొలంలోనే పంట పండించడం వంటిది ఈ పద్ధతి. 2000 సంవత్సరంలో కోతులపై జరిపిన ప్రయోగాల్లో కణాలకు రక్షణ లభించింది. లోకమంతా ఆశపడింది. దాని తరువాత, జి.డి.ఎన్.ఎఫ్.కు సోదరి వంటి న్యూర్‌ట్యూరిన్ అనే పదార్థపు జన్యువును 58 మంది రోగులు పాల్గొన్న ఒక పరీక్షలో ప్రయోగించారు. కొందరికి అసలు చికిత్స, మిగిలినవారికి పైకి అట్లాగే కనిపించే ఉత్తుత్తి శస్త్రచికిత్స జరిగింది. 2010లో ఫలితాలు ప్రకటించినప్పుడు, ఏడాది గడిచినా ఇరువర్గాల మధ్య ఆశించిన తేడా కనిపించలేదు.

ఆ వైఫల్యం కూడా ఒక పాఠం నేర్పింది. వ్యాధి ముదిరేసరికి కాపాడవలసిన కణాలు చాలావరకు నశించి ఉంటాయి. మిగిలినవి కూడా బలహీనపడి, అందిన రక్షక పదార్థాన్ని కావలసిన చోటికి చేరవేయలేవు. ఇల్లు సగం కాలిన తరువాత తెచ్చిన నీళ్లు ఎంతవరకు పనికివస్తాయి? కనుక చికిత్స ఎంత త్వరగా మొదలుపెట్టాలి, మందును ఏ చోట ఎంత మేరకు నింపాలి అనే ప్రశ్నలు ముందుకు వచ్చాయి. వాటికి సమాధానాలు వెతుకుతూ జి.డి.ఎన్.ఎఫ్. జన్యువుతో మానవులపై పరీక్షలు తరువాత కూడా కొనసాగాయి. నిండు ఆరోగ్యాన్ని వాగ్దానం చేసే తొందర ఈ పరిశోధకుల్లో కనిపించదు. ఊహను ఊహగా, నిజాన్ని నిజంగా చెప్పిన పార్కిన్సన్ మార్గం అదే.

1997 నుంచి ఆయన జన్మదినమైన ఏప్రిల్ 11ను ప్రపంచ పార్కిన్సన్ దినంగా జరుపుకొంటున్నారు. ఆయన ముఖం లోకానికి తెలియకపోయినా లోటు లేదు. వణికే చేతిని చూసి ముఖం తిప్పుకోకుండా, దగ్గరికి వెళ్లి పలకరించిన ఆ మనిషి స్వభావం తెలిస్తే చాలు. రోగిని ఆప్తునిగా భావించి అడిగిన ఒక్క ప్రశ్న, రెండు శతాబ్దాల విజ్ఞానానికి ద్వారం తెరిచింది.

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. వణుకు వ్యాధి విషయంలో పార్కిన్సన్ పరిశీలనా పద్ధతిని వివరించండి.
2. సంఘసేవకునిగా, రచయితగా పార్కిన్సన్ చేసిన కృషిని తెలపండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. పార్కిన్సన్ ప్రీవీ కౌన్సిల్ ఎదుట ఎట్లా ప్రవర్తించాడు?
2. షార్కో ఈ వ్యాధి పేరును ఎందుకు మార్చాడు?
3. జన్యుచికిత్సను పాఠంలో దేనితో పోల్చారు? ఎందుకు?

ఇ) ఏకపద లేదా ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. పార్కిన్సన్ మారుపేరు ఏది?
2. దూలగొండి గింజల్లో ఉన్న ఔషధ పదార్థం ఏది?
3. ప్రపంచ పార్కిన్సన్ దినం ఏ రోజు?